ధాన్యపు గింజకు లెక్క – రాయపూరు కంప్యూటరు పథకపు చరిత్ర

మహానది పారెడు మైదానమును అచ్చటి జనులు ‘ధాన్ కా కటోరా’ అని పిలుతురు. వడ్లగిన్నె యని దాని యర్థము. ఆ గిన్నె నడుమ నున్నది రాయపూరు నగరము. 1931లో పార్వతీపురము మీదుగా విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము పూర్తియైన నాటినుండి ఈ నగరమునకును తెలుగుదేశమునకును రాకపోకలు సుగమమైనవి. రైల్వే కొలువులకై కొందరు, భిలాయిలో ఉక్కు కర్మాగారము నెలకొన్న పిదప మరికొందరు, కేంద్రప్రభుత్వ శాఖలలో బదిలీలపై ఇంకను కొందరు తెలుగువారు వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిరి. అన్నమే ఆహారముగా గలవారికి వడ్లగిన్నెలో నివాసము పరాయిగా తోచకపోవుట సహజము.

2000 నవంబరు 1వ తేదీన మధ్యప్రదేశమునుండి విడివడి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడగా రాయపూరు రాజధాని యయ్యెను. ఆ తరువాత ఏడేండ్లకు ఈ నగరములోని రెండు కార్యాలయములు, రాష్ట్రప్రభుత్వపు ఆహారశాఖయు, కేంద్రప్రభుత్వమునకు చెందిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరును, కలిసి ఒక కార్యమునకు పూనుకొన్నవి. రైతు కాటాపై వడ్లు పెట్టినది మొదలు పేదవాని ఊరి దుకాణమునకు బియ్యము చేరువరకు నడుచు వ్యవహారము నంతటిని కంప్యూటరు లెక్కలోనికి తెచ్చుట ఆ కార్యము. ఒక పెద్ద సంస్థలో కంప్యూటరు పథకమును ఎట్లు తలపెట్టవలెనో, ఎట్లు నడుపవలెనో తెలిసికొనగోరు వారికి పాఠ్యగ్రంథములకన్న ఈ చరిత్రయే ఎక్కువ యుపకరించును.

కంప్యూటరు పథకములకు పుట్టుకనుండియు మంచి పేరు లేదు. 1964లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ ‘సిస్టమ్ 360’ అను యంత్రశ్రేణిని ప్రకటించి, దానిని నడుపుటకు వలసిన సాఫ్ట్‌వేరు వ్రాయుటకు వందలకొలది మనుష్యులను నియోగించెను. పని గడువు దాటెను. వ్యయము అంచనాను దాటెను. ఆ పనికి నాయకత్వము వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో తన యనుభవమును గ్రంథరూపమున ప్రకటించెను. ఆలస్యమైన పనికి క్రొత్తగా మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునని ఆయన తేల్చెను. వరికోతకు పదిమందికి బదులు ఇరువదిమంది కూలీలను దింపినచో పని సగము దినములలో తెమలును. సాఫ్ట్‌వేరు అట్టిది కాదు. క్రొత్తగా వచ్చినవానికి పని నేర్పుటకు పాతవాడు తన పని మానవలెను. ఎవరేమి వ్రాసిరో ఒకరికొకరు చెప్పుకొనుటకే ప్రొద్దు గడచిపోవును. 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణమున గూడిన నిపుణులు ఈ బాధను గూర్చియే సుదీర్ఘముగా చర్చించిరి.

ధనముండిన చాలునందురా, దానికిని దృష్టాంతమున్నది. ఇంగ్లండులో రోగుల వివరములన్నిటిని ఒక్క వలలోనికి తెచ్చుటకు 2002లో ఆరంభించిన మహాపథకము, వందలకోట్ల పౌనులు మ్రింగిన పిదప, 2011లో ప్రభుత్వముచేతనే విప్పివేయబడెను. ఆస్పత్రులలో ప్రతిదినము పనిచేయు వైద్యులను, నర్సులను ముందుగా సంప్రదింపక పైనుండి పథకమును దింపుట దాని ప్రధానదోషమని విమర్శకులు వ్రాసిరి.

మన దేశమున ప్రభుత్వశాఖల కంప్యూటరు పనులకై నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు 1976లో స్థాపింపబడెను. క్రమముగా ప్రతి రాష్ట్ర రాజధానియందును, ప్రతి జిల్లా కేంద్రమునందును దాని శాఖలు వెలసినవి. రైల్వేవారు 1985–86లో ఢిల్లీయందు టికెట్ల రిజర్వేషను యంత్రములను ప్రవేశపెట్టిరి. ఆ పిమ్మట బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు కేంద్రములును ఏర్పడినవి గాని, ఒకదానితో నొకటి మాటాడునట్టి ఏర్పాటు చాలకాలము లేకుండెను. అయిదు కేంద్రములు పూర్తిగా అనుసంధింపబడుటకు 1999 వరకు పట్టెను. అందులకై రూపొందిన ‘కాన్సర్ట్’ అను సాఫ్ట్‌వేరును మొదట నడిపి చూచినది సికిందరాబాదుననే. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1998లో ఆస్తుల రిజిస్ట్రేషను కార్యాలయములకు ‘కార్డ్’ అను పథకము వచ్చినప్పుడు, దినములకొలది తిరుగవలసిన పని గంటలలో ముగియుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. దస్తావేజు లేఖరులు మాత్రము తమ గతి యేమని ఆందోళనపడిరి. ఏ కంప్యూటరు పథకమైనను ఎవరో యొకరి బ్రతుకుతెరువును కదలించును. దానిని లెక్కలో వేసికొనని నిర్వాహకుడు పిదప చింతింపవలసివచ్చును.

ఇక రాయపూరు కథ.

రాష్ట్రమేర్పడిన తొలి సంవత్సరములలో చౌకధరల దుకాణములు పెక్కు ప్రైవేటు డీలర్ల చేతులలో నుండెను. దుకాణము నెలలో రెండుమూడు దినములు మాత్రమే తెరచుట, తెరచిన దినమున సరుకు రాలేదనుట, వచ్చినను తూకము తగ్గించుట దేశమంతట నున్న జాడ్యములే. ఇచ్చట అవి ముదిరియుండెను. ఆర్థికశాస్త్రవేత్త రీతికా ఖేరా జాతీయ నమూనా సర్వే లెక్కలను బట్టి కట్టిన అంచనా ప్రకారము, 2004–05లో ఛత్తీస్‌గఢ్ చౌకదుకాణములకై విడుదలైన ధాన్యములో ఇంచుమించు సగము పేదల ఇంటికి చేరనేలేదు. అనగా రెండు బస్తాలు గోదామునుండి వెడలినచో ఒక్కటే గమ్యము చేరుచుండెను.

ఆ రెండవ బస్తా ఎట్లు మాయమగుచుండెనో గ్రహించుటకు కాగితపు లెక్కల మార్గమును కొంత తెలిసికొనవలెను. రాజధానిలో జిల్లాకింత యని కోటా నిర్ణయింతురు. జిల్లాలో దానిని బ్లాకులకు పంచుదురు. బ్లాకులో దుకాణములకు పంచుదురు. ప్రతి మెట్టునందును ఒక గుమాస్తా, ఒక రిజిస్టరు, ఒక సంతకము. ఏ దుకాణమునకు ఎన్ని కార్డులు గలవో చెప్పు పట్టిక ఒక్కొక్క చోట ఒక్కొక్క విధముగా నుండును. చనిపోయినవారి కార్డులు, ఊరు విడిచిపోయినవారి కార్డులు, ఎన్నడును పుట్టనివారి కార్డులు దానిలో కలిసియుండును. గతమాసమున అమ్ముడుపోక మిగిలిన సరుకెంతయో తెలియకయే క్రొత్త కోటా పంపబడును. లారీ గోదామునుండి వెడలిన తరువాత దుకాణమునకే చేరెనా, మార్గమధ్యమున బియ్యపు మిల్లులోనికి తిరిగెనా యని చూచు కన్ను లేదు. మిల్లులోనికి తిరిగిన బియ్యము క్రొత్త సంచులలో నింపబడి, మరల ప్రభుత్వమునకే అమ్ముడుపోవుటయు కలదు. ఒకే బియ్యమునకు ప్రభుత్వము రెండుసార్లు మూల్యము చెల్లించుట యన్నమాట!

ఇట్టి యంత్రాంగమునకు కంప్యూటరును తగిలించినచో ఏమగును? దొంగలెక్క వేగముగా అచ్చగును. అంతకుమించి ఏమియు కాదు. పథకమును తలపెట్టినవారు ఈ విషయమును గ్రహించిరో, లేక రాజకీయ కారణములచేత అట్లు జరిగెనో కాని, ఛత్తీస్‌గఢ్‌లో యంత్రమునకు ముందు సంస్కారము వచ్చెను. 2004లో వెలువడిన ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తరువు ప్రైవేటు డీలర్లనుండి దుకాణములను తొలగించి గ్రామపంచాయతీలకు, సహకార సంఘములకు, మహిళా స్వయంసహాయక సంఘములకు, అటవీ రక్షణ సమితులకు అప్పగించెను. డీలర్లు న్యాయస్థానము మెట్లెక్కిరి. వివాదము కొంతకాలము నడచి, చివరకు ఉత్తరువు నిలిచెను. క్వింటాలుకు 8 రూపాయలుగా నుండిన కమీషను పలురెట్లు పెంపబడెను. న్యాయముగా నడుపువానికి దుకాణము గిట్టుబాటు కానిచో, అన్యాయముగా నడుపువాడే మిగులునన్న సామాన్యజ్ఞానము దానియందున్నది.

2007లో ముఖ్యమంత్రి ఖాద్యాన్న సహాయతా యోజన క్రింద పేదలకు కిలో 3 రూపాయలకు బియ్యమిచ్చుట ఆరంభమయ్యెను. తరువాత అది 2 రూపాయలకును, అతిపేదలకు 1 రూపాయకును దిగెను. 1983లో నందమూరి తారకరామారావు ఆంధ్రప్రదేశమున ప్రవేశపెట్టిన కిలో 2 రూపాయల బియ్యము తెలుగువారికి చిరపరిచితము గనుక, ఈ పథకపు రాజకీయబలము రాయపూరు తెలుగువారికి వివరించి చెప్పనక్కరలేదు. అప్పటి ముఖ్యమంత్రి రమణ్‌సింగునకు ‘చావల్‌వాలే బాబా’ అను పేరే స్థిరపడిపోయెను. బియ్యమునకు ఓట్లతో ముడిపడినందున, బియ్యము చేరకపోయిన అపకీర్తియు నేరుగా ప్రభుత్వమునకే తగులును. కంప్యూటరు పథకమునకు పైనుండి అండ లభించుటకు ఇంతకన్న గొప్ప కారణము వెదకనక్కరలేదు. అండలేని పథకము, ఎంత చక్కగా నల్లినదైనను, మొదటి అడ్డంకియొద్దనే ఆగిపోవును.

పథకమును గూర్చి వెలువడిన రచనలలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు పక్షమున ఎ. కె. సోమశేఖర్, ఆహారశాఖ పక్షమున రాజీవ్ జైస్వాల్ అను పేర్లు కనబడును. ఒకటి సాంకేతిక సంస్థ, రెండవది సరుకు బాధ్యత వహించు శాఖ; ఇద్దరి పేర్లును జంటగా నుండుట గమనింపదగినది. పెక్కు కార్యాలయములలో కంప్యూటరు పని కంప్యూటరువారిదే యనుకొని శాఖాధికారులు చేతులు దులుపుకొందురు. అట్లయినచో సాఫ్ట్‌వేరు ఒక దారిని, పని యొక దారిని పోవును. ఇచ్చట నియమమును మార్చవలసివచ్చినప్పుడు మార్చగల అధికారము ఆహారశాఖకుండెను; మార్చిన నియమమును వెంటనే సాఫ్ట్‌వేరులో నెక్కించు నేర్పు రెండవ పక్షమువారికుండెను. వారును ప్రభుత్వోద్యోగులే యగుటచేత, ప్రతి చిన్న మార్పునకు క్రొత్త ఒప్పందము, క్రొత్త బిల్లు అను బెడద లేకపోయెను. ధర 3 రూపాయలనుండి దిగినప్పుడు, క్రొత్తరకపు కార్డులు వచ్చినప్పుడు, జిల్లాల సంఖ్య పెరిగినప్పుడు ఈ సౌలభ్యపు విలువ తెలియవచ్చెను.

పని ఎక్కడ ఆరంభింపవలెననునది తరువాతి ప్రశ్న. రాష్ట్రమున దుకాణములు పదివేలకు పైబడియుండెను. ప్రతి దుకాణమునందును యంత్రము పెట్టుదమని పథకకర్తలు ఉవ్విళ్ళూరియుండినచో, బస్తరు అడవులలో కరెంటు లేక, టెలిఫోను లేక పథకము అంతటితో సమాప్తమైయుండెడిది. వారు దుకాణములను అప్పటికి విడిచిపెట్టిరి. ధాన్యము పెద్దరాశులుగా నిలుచు చోట్లను, అనగా కొనుగోలు కేంద్రములను, గోదాములను, జిల్లా కార్యాలయములను ఎంచుకొనిరి. ఈ ఎంపికయే పథకమును బ్రతికించినదని చెప్పవచ్చును.

ఛత్తీస్‌గఢ్‌లో రైతు తన వడ్లను గ్రామ సహకార సంఘమునకు మద్దతు ధరకు అమ్మును. 2007–08 పంటకాలమునకు ఇట్టి కేంద్రములు 1,500కు పైగా నుండెను. ప్రతిచోట ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక ఆపరేటరు ఏర్పడవలెను. పెక్కు కేంద్రములు రోడ్డునకే దూరము. ఇంటర్నెట్టు మాట యేల? అందుచేత సాఫ్ట్‌వేరును కేంద్రముననే స్వతంత్రముగా పనిచేయునట్లు వ్రాసిరి. రైతు వచ్చును, బస్తాలు తూకమగును, ఆపరేటరు లెక్క నెక్కించును, చెక్కు అక్కడికక్కడే అచ్చగును. రాజధానితో సంబంధము లేకున్నను కాటా ఆగదు. దినపు లెక్కలు, సంబంధము దొరకిన చోట తీగెమీదను, దొరకని చోట మనిషిచేతను దగ్గరి కేంద్రమునకు చేర్చబడును. కంప్యూటరు యుగమున సమాచారము మోటారుసైకిలు మీద ప్రయాణము చేయుట విని నవ్వువారుందురు. కాని చేరవలసిన లెక్క చేరెను గదా! సాంకేతిక నిపుణులు తరచుగా తాము కోరుకొన్న పరిస్థితులకు పథకమును వ్రాయుదురు. ఇచ్చట ఉన్న పరిస్థితులకు వ్రాసిరి.

గడువు విషయమున వారికి వేరొక కట్టుబాటుండెను. సామాన్యముగా పథకపు గడువు కమిటీ సమావేశములలో వాయిదా పడుచుండును. వరిచేనుకు కమిటీతో పనిలేదు. పంట పండినప్పుడు కోయవలెను, కోసినది అమ్మవలెను. కొనుగోలు మొదలగు దినమునకు ఆపరేటర్ల శిక్షణ పూర్తికానిచో, సంఘము ముంగిట ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు బారులు తీరును; మరునాడే అది పత్రికలకెక్కును. ఇట్టి గడువు భయంకరమైనదే గాని, ఒక మేలున్నది: ఏది అత్యవసరము, ఏది తరువాత చూచుకొనవచ్చును అను విచక్షణ దానంతటదే కలుగును.

రైతునకు దీనివలన ఏమి లాభము? పూర్వము వడ్లు తూచినది ఒకనాడు, డబ్బు వచ్చునది ఎన్నడో. ఆలోపల వడ్డీవ్యాపారి గడప త్రొక్కక తప్పదు. యంత్రము అచ్చువేసిన చెక్కు అదే దినమున చేతికి వచ్చుటచేత ఆ యవసరము తగ్గెను. ఇక ప్రభుత్వమునకు లాభము వేరొకటి. ఏ రైతునకు ఎంత భూమి గలదో నమోదై యుండినచో, ఆ భూమిలో పండుటకు వీలులేనన్ని వడ్లను అతని పేర ఎవరైనను అమ్మవచ్చినప్పుడు పట్టుకొనవచ్చును. సరిహద్దు దాటి వచ్చెడి వడ్లకు, వ్యాపారులు బినామీగా తెచ్చెడి వడ్లకు ఇది కొంత అడ్డుకట్ట.

వడ్లు మిల్లునకు పోవును. నూరు కిలోల వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యము, ఉప్పుడు బియ్యమైనచో 68 కిలోలు, తిరిగి ఇయ్యవలెనని నియమము. ఎవరికి ఎన్ని వడ్లిచ్చిరి, ఎంత బియ్యము తిరిగివచ్చెను, ఇంకెంత బాకీ అనునది పూర్వము మూడు సంస్థల మూడు పద్దులలో నుండెడిది. ఏ రెండును సరిపోలుట యరుదు. ఇప్పుడవి ఒకే పద్దు క్రిందికి వచ్చెను. సహకార సంఘము, మార్కెటింగు సమాఖ్య, పౌరసరఫరాల సంస్థయైన నాగరిక్ ఆపూర్తి నిగమ్, కేంద్రపు ఆహార సంస్థ వేర్వేరు యజమానులు గల నాలుగు ఇండ్ల వంటివి. నాలుగిండ్లకు ఒకే వంటలెక్క కట్టుట సాఫ్ట్‌వేరు వ్రాయుటకన్న కష్టమైన పని. దానికి కావలసినది ప్రోగ్రామరు కంటెను మాటనేర్పుగల మనుష్యుడు.

రెండవ కొసయందు రేషను కార్డుల పట్టిక. కార్డులన్నిటిని క్రొత్తగా వ్రాసి, ఒకే భాండాగారమున చేర్చి, కార్డునకొక సంఖ్యనిచ్చి ముద్రించిరి. జట్టు మొత్తములో అత్యంత నీరసమైన పని యిది. పేర్లు దిద్దుట, ఒకే మనిషి రెండుచోట్ల కనబడినచో ఏరివేయుట, ఊరిపేరు వ్రాతలో తేడాలు సవరించుట – దీనికి బహుమానములుండవు, ప్రారంభోత్సవములుండవు. కాని పైన కట్టిన మేడయంతయు ఈ పునాదిపైననే నిలుచును. పట్టిక సిద్ధమైన తరువాత, దుకాణదారుడు మాసాంతమున ఇచ్చు ఘోషణాపత్రమును బట్టి మిగిలిన సరుకును తీసివేసి, వచ్చేమాసపు కోటాను దుకాణమువారీగా యంత్రమే లెక్కగట్టెను. జిల్లా, బ్లాకు మెట్లమీద కూర్చుండి పంచిపెట్టువారి పెత్తనము ఆ విధముగా మాటలేకుండ కరగిపోయెను.

గోదామునుండి లారీ వెడలినప్పుడు దాని నంబరు, సరుకు పరిమాణము యంత్రమున నెక్కును. ఊరిలో నెవరైనను తమ సెల్‌ఫోను నంబరును ముందుగా నమోదు చేసికొనియుండినచో, మీ దుకాణమునకు ఫలానా లారీలో ఇంత బియ్యము బయలుదేరినదని వారికి వార్త చేరును. లారీలకు పసుపు రంగు వేయించుటచేత అది దారితప్పినచో చదువురానివాడును గుర్తుపట్టగలడు. ఫిర్యాదులకై ఉచిత టెలిఫోను నంబరు పెట్టిరి. సరుకు దింపిన పిదప మాసము మొదటివారమున అందరియెదుట పంచునట్టి ‘చావల్ ఉత్సవ్’ జరిపిరి. వీనిలో కంప్యూటరు పాలెంత, రంగుడబ్బా పాలెంత యని విభజించుట కష్టము.

ఫలితము చెప్పవలెను. రీతికా ఖేరా అంచనాలోనే 2009–10 నాటికి దారితప్పిన ధాన్యము పదింట ఒక వంతునకు దిగెను. అయిదేండ్లలో సగమునుండి పదోవంతునకు దిగుట అసాధారణము. ఆమెయు, జాన్ ద్రేజ్‌యు ఈ మార్పును దేశప్రజల దృష్టికి తెచ్చిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వాధ్వా కమిటీయు ప్రజాపంపిణీని కంప్యూటరీకరింపవలెనని గట్టిగా చెప్పెను. ఇతర రాష్ట్రముల అధికారులు రాయపూరునకు వచ్చి చూచి పోయిరి. వారిలో కొందరు యంత్రములను మాత్రము చూచి వెళ్ళిరేమో యని సందేహింపవలసియున్నది. ఎందుకనగా 2004 నాటి ఉత్తరువును, కమీషను పెంపును, తక్కువ ధరను, ఎక్కువమందికి కార్డులిచ్చుటను విడిచి కంప్యూటరునకే కీర్తియంతయు నిచ్చుట చరిత్రకు విరుద్ధము. యంత్రము వచ్చుటకు ముందే దుకాణములు చేతులు మారినవి.

యంత్రము చూపలేని లోటులును బయటపడినవి. 2012 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ శాసనసభ స్వంత ఆహారభద్రతా చట్టమును చేసెను. కేంద్రపు చట్టము 2013లో గాని రాలేదు. ఇంటికి మాసమునకు 35 కిలోల ధాన్యము హక్కుగా దొరకునని యేర్పడగా కార్డుల సంఖ్య ఉప్పొంగి, 2011 జనగణనలోని కుటుంబముల సంఖ్యను మించిపోయెను. ఒకే కుటుంబము కొడుకు పేర, కోడలి పేర విడివిడిగా కార్డులు పొందినప్పుడు యంత్రమునకు అనుమానము కలుగదు. ఇచ్చిన పేరును అది భక్తితో నిలువయుంచును. 2013 ఎన్నికల తరువాత ఏరివేత ఆరంభమై, దానిలో నిజమైన పేదల కార్డులును పోయినవని గగ్గోలు పుట్టెను. 2015 ఫిబ్రవరిలో రాష్ట్ర అవినీతి నిరోధక శాఖ రాయపూరులోని నాగరిక్ ఆపూర్తి నిగమ్ కార్యాలయముపై దాడి చేసి నగదు పట్టుకొనెను. నాసిరకపు బియ్యమును లంచమునకు అంగీకరించిరన్నది ఆరోపణ; అది న్యాయస్థానములకెక్కి చాలకాలము రాజకీయ వివాదముగా నడచెను. బస్తాలెన్నో యంత్రము చెప్పును. బస్తాలోని బియ్యము తిన యోగ్యమా కాదా యని పరీక్షించుటకు కావలసినది ఇన్స్పెక్టరు చేయియు, అతని మనస్సును.

పథకపు రెండవ ఘట్టము 2012లో రాయపూరు నగరముననే మొదలయ్యెను. మొదట విడిచిపెట్టిన దుకాణముల వంతు ఇప్పుడు వచ్చెను. ‘కోర్ పి.డి.యస్.’ అని దానికి పేరు. దుకాణములలో చేతిలో నిమిడెడు యంత్రములను పెట్టి, ఆరోగ్యబీమాకై పేదలకు అప్పటికే ఇచ్చియుండిన స్మార్టుకార్డులను కూడ దీనికి వాడుకొనిరి. ముఖ్యమైన మార్పు వేరు: కార్డుదారుడు ఇకమీదట ఒకే దుకాణమునకు కట్టుబడియుండనక్కరలేదు. నగరములో ఏ దుకాణమున నైనను తన వాటా కొనవచ్చును. దీనికి ‘మేరీ మర్జీ’ యని పేరుపెట్టిరి. నా యిష్టము అని యర్థము. తూకము తగ్గించు దుకాణమును విడిచి ప్రక్క వీధికి పోవుటకు పేదవానికి వీలు చిక్కెను. వాడుకదారులు తరలిపోవుకొలది కమీషను తరలిపోవును గనుక, దుకాణదారుని మర్యాదయు పెరిగెను. బజారులో ప్రతి కిరాణావర్తకుడు ఎరిగిన సూత్రమే యిది. ప్రభుత్వ దుకాణమునకు చేరుటకు ఇన్నాళ్ళు పట్టెను.

దీనిని నగరముననే ఆరంభించుటకు కారణము స్పష్టము. దుకాణములు దగ్గరదగ్గరగా నున్నచోటనే ఇష్టమునకు అర్థముండును. పదిక్రోసుల దూరమున మరొక దుకాణములేని అడవిపల్లెలో ఎంపికయను మాట పరిహాసము. పైగా ఈ యంత్రములు సెల్‌ఫోను సంకేతముపై ఆధారపడినవి. నగరములోనే కొన్నిచోట్ల సంకేతమందక వరుసలు నిలిచిపోయిన సందర్భములుండెను. సంఘముల కంప్యూటర్లను 2007లో రాజధానితో పనిలేకుండ నడుచునట్లు కల్పించిన దూరదృష్టి ఎంత విలువైనదో ఈ రెండవ ఘట్టము చూచినవారికే బాగుగా బోధపడును. తరువాతి యేండ్లలో దేశమంతట ఆధార్ వ్రేలిముద్రల యంత్రములు వచ్చినప్పుడు, పనిచేసి అరిగిపోయిన వ్రేళ్ళు గల ముసలివారు ఎన్నో రాష్ట్రములలో దుకాణమువద్దనుండి ఖాళీసంచితో మరలివచ్చిన వార్తలు పత్రికలలో తరచుగా వచ్చినవి.

కొనుగోలు మాత్రము ఏటేట పెరిగెను. 2023–24 పంటకాలమున ఛత్తీస్‌గఢ్ 144 లక్షల టన్నులకు పైగా వడ్లను కొనెను. ఎడ్లబండి తూచిన కాటాల లెక్కను పుస్తకములలో వ్రాసియుండినచో ఇంత రాశిని సంబాళించుట ఊహింపరానిది.

ఒక నగరమున ఏ దుకాణమైనను సరే యన్న భావము క్రమముగా దేశమునకు ప్రాకెను. 2019 ఆగస్టులో ‘ఒకే దేశము – ఒకే రేషను కార్డు’ పథకపు తొలి ప్రయోగము రెండు జంటలలో మొదలయ్యెను: గుజరాతు–మహారాష్ట్ర ఒక జంట, ఆంధ్రప్రదేశ్–తెలంగాణ రెండవది. హైదరాబాదులో పనిచేయు గుంటూరు జిల్లా కూలి అక్కడనే తన వాటా తీసికొనుటకు వీలయ్యెను. నగరము మేర స్వేచ్ఛకు దారిచూపిన ఛత్తీస్‌గఢ్ ఈ దేశవ్యాప్త ఏర్పాటున చేరినది 2022 ఫిబ్రవరిలో. అప్పటికే 34 రాష్ట్రములును కేంద్రపాలిత ప్రాంతములును చేరియుండెను. స్వంతముగా అల్లుకొన్న గట్టి యేర్పాటు గలవారు ఇతరుల యేర్పాటులోనికి మారుటకు ఆలస్యము చేయుట కంప్యూటరు పథకములలో తరచుగా కనబడు విషయము.

మహాసముంద్ ప్రాంతమునుండి ఇటుకబట్టీల పనికై తెలుగు జిల్లాలకు వలసవచ్చు కుటుంబములకు ఇప్పుడు తమ కార్డుపై ఇచ్చట ధాన్యము దొరకుటకు మార్గమున్నది. ఇంటివద్ద మిగిలిన ముసలివారు తమ భాగమును అక్కడ తీసికొనవచ్చును. అయితే సరిహద్దు దాటి వెంటవచ్చునది కేంద్రపు చట్టము క్రింది వాటా మాత్రమే. ఛత్తీస్‌గఢ్ తన ఖజానానుండి కలిపి యిచ్చెడి అదనపు బియ్యము ఛత్తీస్‌గఢ్‌లోని దుకాణముననే తీసికొనవలెను.